ఆ సాయంత్రం లైట్లు వెలుగుతూనే ఉన్నాయి

కరీంనగర్‌లో బండ్ల కరెంటు పని చేయించుకునేవాళ్లలో నన్ను ఎరగనివాళ్లు తక్కువ. ఈ మధ్య కొత్తగా షాపుకు వచ్చేవాళ్లు కూడా ఒక మాట అడుగుతున్నారు. "గా ఇంగ్లీషు కారుకు లైట్లు వెట్టింది నువ్వేనా?" అవునంటాను. కొంచెం జాలిగా, కొంచెం మర్యాదగా చూస్తారు. ఊళ్లో నా గురించి నిలిచిపోయిన కథ అలాంటిది. నేను బిగించిన లైట్లు నడిదారిలో ఆరిపోయాయి, కారు వడ్ల కుప్ప మీదికి పోయింది, మా బావ నుదురు పగిలింది. అయినా నేను తప్పించుకోకుండా తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఇదీ కథ.

ఆ కథ అబద్ధం. లైట్లు ఆరిపోలేదు. నా వైరింగులో ఏ లోపమూ లేదు. చేసిన తప్పు దాచుకోవడానికి చేయని తప్పు ఒప్పుకున్నవాణ్ని నేను. దానివల్ల ఒక మనిషి చూపు పోయింది. ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను.

బావ అంటున్నాను గానీ మా మధ్య చుట్టరికం లేదు. మాది మగ్గాల ఇల్లు, వాళ్లది చర్చికి పోయే కుటుంబం. పాతికేళ్ల కింద ఆయన భార్య తన కుట్టుమిషను మోటారు బాగుచేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చి "దాదా" అని పిలిచింది. ఆమె పుట్టిల్లు భైంసా, అక్కడ అన్నను అలాగే పిలుస్తారు. ఆమె నాకు చెల్లె అయింది, ఆయన బావ అయ్యాడు. బావ అన్న తర్వాత ఇక వెక్కిరింపులకు లెక్కేముంది?

వాళ్లు ఉండేది హుజూరాబాద్‌లో. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆ కారు ఉండేది. రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడిచే గుడ్డది, ముందు రెండు గుండ్రటి పెద్ద లైట్లు. బావ వాళ్ల బాపు ఒక మిషన్ దవాఖానాలో డ్రైవరు. అక్కడి ఇంగ్లీషు డాక్టరు దేశానికి తిరిగి పోతూ దాన్ని ఆయనకు ఇచ్చి పోయాడట. ముసలాయన తన చివరి ఏళ్లలో గోడ పట్టుకుని నడిచేవాడు. వయసు మీదపడి కళ్లు పోయాయి అనుకునేవాళ్లం. కారు బావకు వచ్చింది.

మన దగ్గర పెళ్లికి బరాత్ లేకపోతే పెళ్లి అయినట్టే ఉండదు. పెళ్లికొడుకును ఊరేగించడానికి జీపులకు రేకులు అతికించి పాతకాలం కార్లలా తయారుచేసి తిప్పుతున్న రోజుల్లో, బావ దగ్గర నిజమైన పాత కారే ఉంది. మడిచిన కప్పు మీద దుప్పటి పరిచి పెళ్లికొడుకును, పెళ్లికూతురును కూర్చోబెడతారు. ముందు డీజే, డాన్సులు. బావ తెల్లచొక్కా వేసుకుని ఎద్దు నడకంత మెల్లగా నడుపుతాడు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా పిలిచేవాళ్లు. ఆ కారే ఆ ఇంటికి తిండి, ఆయనకు పరువు.

కరోనా పోయి పెళ్లిళ్లు మళ్లీ జోరందుకున్న ఏడాది, ఒక ఆదివారం చర్చి అయిపోయాక బావ నాకు ఫోను చేశాడు.

"బావ, లైట్లు మబ్బుగ కొడ్తున్నయ్. ఏమన్న జెయ్."

"బరాత్ బండికి లైట్లెందుకు? డీజే లైట్ల ఎలుగు సాలదా?"

"బరాత్ అయినంక ఇంటికి రావాలె గద. నువ్వొచ్చి తోలుకొస్తవా నన్ను?"

వెళ్లాను. అప్పుడు లైట్లలో నిజంగానే లోపం ఉంది. ఎడమది వణుకుతోంది. హారను కొడితే రెండూ సన్నబడుతున్నాయి. బ్యాటరీ తీగ విప్పి మళ్లీ బిగించబోతుంటే బావ అరిచాడు.

"ఆగు, ఆగు! గిది ఉల్టా బండి. ప్లస్ బాడీకి, మైనస్ లోపలికి. నీ ఆటోల తీరు అనుకున్నవా?"

నిజమే. మన బండ్లన్నిటికీ మైనస్ బాడీకి తగిలించి ఉంటుంది. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లకు ప్లస్. ఆదమరిచి తిరగేస్తే డైనమో పాడవుతుంది. ఆ తర్వాత ఆయన నన్ను ఏడాదిపాటు "ఉల్టా మేస్త్రీ" అని పిలిచాడు.

టెస్ట్ ల్యాంపు ఒక కొస బాడీకి, ఒక కొస బల్బు హోల్డరుకు పెట్టి చూస్తూ పోయాను. బల్బు మంచిదే. తీగలో కరెంటు వస్తోంది. తిరిగి పోయే దారే సరిగా లేదు. లైటును పట్టి ఉంచే రేకు గిన్నె, అదే డొక్కు, బాడీకి స్క్రూతో తగిలే చోట తుప్పు పొరలు కట్టింది. ఎమిరీ పేపరుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను. తీగల మీది గుడ్డను ఎలుకలు కొరికిన చోట కొత్త తీగలు వేశాను. ప్రతి డొక్కుకూ విడిగా ఒక ఎర్తు తీగ లాగాను. పొద్దుగూకే వేళ స్విచ్చు వేస్తే లైట్లు పసుపుపచ్చగా, నిండుగా వెలిగాయి. చెల్లె వాకిట్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. బావ మాత్రం సీట్లో కూర్చుని రోడ్డు వంక చూస్తూ అన్నాడు.

"మంచిగనే ఉంది. ఇంకింత ఉండాలె."

నేను నవ్వాను. ఎవరికైనా ఇంకింత కావాలనే ఉంటుంది.

తర్వాతి వారం హాలోజెన్ బల్బులు తెచ్చాను. పాత బండిలో లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చులోంచి పోయి వస్తుంది, స్విచ్చు కాగేది. రెండు రిలేలు పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగలు లైట్లకు లాగాను. ఇప్పుడు స్విచ్చు సైగ మాత్రమే చేస్తుంది, బరువంతా రిలేలు మోస్తాయి. ఆ రోజు మునిమాపున బావే నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ఎదురుగా వచ్చిన లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు.

"ఏం రా బై, కండ్లు వీకుతవా? డిప్పర్ కొట్టు!"

ఆ కారులో వెలుగు కిందికి దించే డిప్పరు చేత్తో కొట్టేది కాదు, ఎడమకాలి కింద గుండీ. బావ కాలు దాన్ని వెతుక్కుంది, దొరకలేదు. లారీ పోయాక అన్నాడు.

"గాయనకు కొట్టిన ఎలుగుల సగం నాకు కొట్టినా సాలు, బావ."

ఆ మాటకు నేను నవ్వలేదు. వెలుగు ఎదుటివాడి కళ్లు పొడుస్తోంది, లైట్ల వెనక కూర్చున్నవాడికి చాలడం లేదు. అప్పుడే నాకు ఏదో తేడాగా తోచింది. లైట్ల కోణం సరిగా లేదేమో అనుకున్నాను. అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

కోణం సరిచేయడానికి గోడ కావాలి. చర్చి వెనక పొడవాటి సున్నం గోడ ఉంది. ఒక సాయంత్రం కారును దానికి ఎదురుగా నిలిపి, చాక్‌పీసుతో గీతలు గీశాను. మధ్యలో ఒక గీత, ఒక్కో లైటుకు ఒక గుర్తు. బావ సీట్లో ఉన్నాడు. నేను గోడ పక్కన, మధ్య గీతకు కొంచెం ఎడమగా నిలబడ్డాను. వెలుగు నా మీద పూర్తిగా పడుతోంది. నా నీడ గోడ మీద నల్లగా ఉంది. చేతిలో స్క్రూడ్రైవరు మెరుస్తోంది.

"నడిమి గీత కనబడ్తుందా?" అని అడిగాను.

"గీతేంది, దాని మీద పాకే సీమ గూడ కనబడ్తుంది."

నిజంగానే ఒక చీమ ఉంది. అంత స్పష్టమైన చూపు.

"మరి నేను?"

"నువ్వేడున్నవ్?"

హాస్యమాడుతున్నాడనుకున్నాను. చెయ్యి ఎత్తి ఊపాను. ఆయన తల కదపలేదు. చూపు గీత మీదే ఉంది.

"ఓ బావ! ఏడికి వోయినవ్ రా? సిగరెట్ కొడ్తున్నవా గోడెనక?"

నేను పలకకుండా పక్కకు ఒక అడుగు వేశాను. ఇంకో అడుగు వేశాను. మధ్య గీతకు బాగా దగ్గరగా వచ్చాక ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అరే, దయ్యం తీరు వచ్చినవేంది!"

"ఈడనే ఉన్న. ఒంగి స్క్రూ ఏరుకుంటున్న" అన్నాను.

అదే నా మొదటి అబద్ధం. ఇంత చిన్నది.

అప్పుడు నాకు జబ్బు పేరు తెలియదు. కానీ తెలియాల్సింది తెలిసింది. ఆయనకు ఎదురుగా ఉన్నది సూదంత స్పష్టంగా కనబడుతోంది, పక్కన ఉన్నది కనబడడం లేదు. బరాత్‌లో ఆయన మెడ అటూ ఇటూ తిప్పుతూ నడపడం, దాన్ని చూసి డీజే కుర్రాళ్లు "పెండ్లికొడుకు కన్న నీకే సిగ్గెక్కువ మామ" అని ఆటపట్టించడం గుర్తుకొచ్చాయి. బల్బు చుట్టూ రంగుల వలయం కనబడుతోందని ఆయన ఒకసారి అంటే, అద్దం మురికి అని తుడిచి ఇచ్చాను. తుడిచినా వలయం పోలేదన్నాడు. వాళ్ల బాపు గోడ పట్టుకుని నడవడం కూడా గుర్తుకొచ్చింది.

ఆ పూటే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు వస్తుంది, అది నాకు నచ్చదు. హైదరాబాద్ నుంచి ఒక సేటు ఆ కారు కోసం తిరుగుతున్నాడు. చెల్లెకు అమ్మడం ఇష్టమే. బావ మాత్రం "నేను నడిపినన్ని దినాలు నాది. నడపలేని నాడు సేటుకు ఇచ్చేస్త" అనేవాడు. కళ్ల మాట ఎత్తితే కారు పోతుంది. కారు పోతే నా ఆదివారాలు పోతాయి. పొద్దంతా ఆటోల హారన్లు, ట్రాక్టర్ల సెల్ఫు మోటార్లు బాగుచేసే నాకు, వారానికి ఒక పూట ఆ షెడ్డులో ఆ బండి కింద పడుకోవడం ఒక్కటే నాకంటూ ఉన్న సుఖం. అందుకని కంట్లో పొర, మోతియబిందు అయి ఉంటుంది, పండనీ, అప్పుడు ఆపరేషను చేయించవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. అది మోతియబిందు కాదని నా మనసుకు తెలుసు. మోతియబిందు వచ్చినవాడు చీమను చూడలేడు.

చెప్పడానికి బదులు లైట్లు పెంచాను.

డైనమో మెల్లగా నడిచేటప్పుడు చార్జింగు ఇవ్వడం లేదని, దాన్ని తీసేసి చిన్న కారు ఆల్టర్నేటరు బిగించాను. దానికోసం ఉల్టా బండిని సీదా చేశాను: బ్యాటరీ తిప్పి, మీటరు తీగలు తారుమారు చేసి, మైనస్‌ను బాడీకి తెచ్చాను. బావకు అది కష్టంగా తోచింది. "మా బాపు ముట్టనిది నువ్వు ముట్టినవ్" అన్నాడు. "ఎల్‌ఈడీలు వెట్టాలంటే గిదే దారి" అన్నాను. తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు పెట్టాను. అప్పటికీ చాలదన్నాడు. పక్కలకు వెలుగు పడేట్టు బంపరు రెండు కొసల్లో రెండు ఫాగ్ లైట్లు బిగించాను. ఆ ఫాగ్ లైట్లు ఎందుకో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. పక్క చూపు లేనివాడికి పక్క వెలుగు ఇస్తే సరిపోతుందని నా పిచ్చి ఆశ.

పనిగా చూస్తే అది నేను జీవితంలో చేసిన అన్నిటికన్నా మంచి పని. ఒక్క తీగ వదులుగా లేదు, ఒక్క ఫ్యూజు దొంగ ఫ్యూజు కాదు. ప్రతి ఆదివారం ఆయన కొత్త వెలుగు చూసి రెండు రోజులు సంతోషపడేవాడు, మళ్లీ మబ్బుగా ఉందనేవాడు. చెల్లె విసుక్కునేది.

"దాదా, గా లైట్లకు వెట్టే సోకు నీ బావ మొగానికి వెడితే పెండ్లికొడుకు లెక్క ఉంటుండె."

"మొగం జూసేటోళ్లెవరు? కారును జూస్తరు" అనేవాడు బావ.

కార్తీక మాసంలో సుల్తానాబాద్‌లో పెళ్లి. మధ్యాహ్నమే బరాత్ అయిపోయింది. వైరింగు ఎలా ఉందో చూద్దామని నేనూ వెళ్లాను. తిరుగు ప్రయాణంలో పొద్దుగూకింది. లారీల గొడవ ఎందుకని ఊళ్ల మధ్య లోపలి దారి పట్టాం. వరి కోతల కాలం. మా దగ్గర కోతలప్పుడు తారురోడ్డే కల్లం. వడ్లు రోడ్డు మీద పరిచి ఆరబెడతారు, పొద్దుగూకితే కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రోడ్డులో సగం వడ్లది, సగం బండ్లది. ఇక్కడ డ్రైవింగు నేర్చుకున్నవాడెవడైనా ఈ రెండు నెలలు కళ్లు ఎడమ అంచు మీద పెట్టే నడుపుతాడు.

నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. ఎడమవైపు కుప్ప చాలా దూరం నుంచే నాకు కనబడింది. చుట్టూ రాళ్లకు సున్నం పూశారు, పళ్ల వరసలా తెల్లగా ఉన్నాయి. తప్పుకుంటాడనుకున్నాను. బావ ఏదో చెబుతున్నాడు, పెళ్లిలో మటన్ ముదిరిందని. కారు పక్కకు జరగలేదు.

"బావ, కుప్ప!" అని అరిచాను.

"ఏడ?" అన్నాడు.

ఆ 'ఏడ' నా చెవిలోంచి ఇంకా పోలేదు. నేను స్టీరింగు పట్టి లాగాను. ఎడమ చక్రం రాళ్లెక్కింది, వడ్లెక్కింది, కారు పక్కకు ఒరిగి ముక్కు కాలువలో పెట్టింది. బావ నుదురు అద్దానికి కొట్టుకుంది. నా మణికట్టు మెలిపడింది. ఇంజను ఆగిపోయింది. ఎడమవైపు లైట్లు పగిలాయి. కుడివైపువి వెలుగుతూనే ఉన్నాయి. ఆ వెలుగులో రోడ్డంతా చెల్లాచెదురైన వడ్లు, చిరిగిన పట్టా, రాళ్లు, ఒక్కోటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనబడుతున్నాయి.

పొలంలోంచి రైతు, ఆయన భార్య కేకలు వేస్తూ పరుగెత్తుకొస్తున్నారు. బావ రెండు చేతులతో నుదురు పట్టుకున్నాడు. కళ్లలోకి రక్తం కారుతోంది.

నేను చెయ్యి చాచి లైట్ల స్విచ్చు ఆర్పాను.

ఎవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయింది. చీకటి పడింది. ఆ చీకట్లో బావ అడిగాడు.

"బావ, లైట్లు ఆరినయా?"

"ఆరినయ్."

"కుప్పకు కొట్టకముందుగాలనే?"

"ముందుగాలనే. రిలే కొట్టేసింది. నా తప్పే."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. చెబితే నమ్మరు గానీ, రక్తం కారుతూ నవ్వాడు.

"బతికిచ్చినవ్ రా. నేను నా కండ్లే పోయినయేమో అనుకున్న. కొన్ని దినాల సంది గదే బుగులుంది లోపట."

అంటే ఆయనకూ అనుమానం ఉంది. ఆ అనుమానం ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. నేను దాన్ని అక్కడే, ఆ కాలువ గట్టు మీద చంపేశాను. నోరు తెరిచి "లేదు బావ, లైట్లు ఎలుగుతున్నయ్" అనడానికి అదే చివరి సమయం. రైతు భార్య వచ్చి మీద పడింది.

"కండ్లు నెత్తికెక్కినయా మీకు? గింత పెద్ద కుప్ప కానరాలేదా? ఆర్నెల్ల కష్టం గద రా!"

"లైట్లు ఆరిపోయినయ్ అవ్వా. నాది తప్పు, నేనే పని జేసిన" అన్నాను.

రైతు కారు చుట్టూ తిరిగి చూశాడు. "కారు సోకు జూడు, లైటు గతి జూడు" అని ఉమ్మేశాడు. తర్వాత అతనే బావ తలకు తన తువ్వాలు కట్టాడు. అందరం వంగి రాళ్ల మధ్య నుంచి వడ్లు ఎత్తాం. బావ తడుముతూ ఎత్తాడు. చీకటి కాబట్టి అలా తడుముతున్నాడని అందరూ అనుకున్నారు.

దవాఖానాలో కుట్లు వేశారు. చెల్లె వచ్చింది. ఆమెకు కూడా అదే చెప్పాను. ఆమె నా మణికట్టుకున్న కట్టు చూసి "పోనీ దాదా, పానాలు దక్కినయ్" అంది. నా షాపుకు కొన్నాళ్లు గిరాకీ తగ్గింది. తర్వాత మళ్లీ వచ్చింది, ఇదివరకటికన్నా ఎక్కువగానే. తప్పు ఒప్పుకునే మేస్త్రీ అని పేరొచ్చింది మరి. బావ అయితే నన్ను ఓదార్చాడు. "ఫికర్ జెయ్యకు. మిషన్ల పని. పోయేటిది పోతది" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి భుజాన్ని ఒక్కసారికి అందుకోలేదు. ముందు గాలిని తట్టి, తర్వాత నన్ను తట్టింది.

కారు సొట్టలు తీయించి బాగుచేయించడానికి చాలా కాలం పట్టింది. నడపడం లేదు కాబట్టి లైట్ల మాట రాలేదు. నడవడంలో మాత్రం తేడా తెలిసింది. గడపకు తన్నుకునేవాడు. పక్కన పెట్టిన గ్లాసు మోచేత్తో పడేసేవాడు. "దెబ్బ తగిలిన కాడికెల్లి గిట్లనే పరేషాన్ ఉంది" అనేది చెల్లె. నుదుటి దెబ్బ వల్ల అనుకున్నారు. నేను ప్రతి ఆదివారం వెళ్తూనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. ఒకసారి అడగబోయాను. "కండ్ల డాక్టరుకు ఒకసారి..." అన్నాను. "కండ్లకేమైంది? లైట్లు ఆర్పింది నువ్వాయె" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట అక్కడితో ఆగింది.

మరుసటి వానాకాలం పోయాక, బజారులో మూత తెరిచి ఉన్న మురుగు మోరీలో పడ్డాడు. పట్టపగలు. అప్పుడు బిడ్డ వచ్చింది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, ఆదిలాబాద్‌లో టీచరు. ఆమె పట్టుపట్టి కంటి దవాఖానాకు తీసుకుపోయింది. నేనూ పోయాను. డాక్టరు చాలాసేపు పరీక్షలు చేసింది. గ్లకోమా అంది. మన దగ్గర నీటికాసులు అంటారు. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు నరం పక్కల నుంచి ఎండిపోతూ వస్తుందట. నొప్పి ఉండదట. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో నడిమిన గొట్టంలోంచి చూసినంత మిగిలింది.

"పోయింది తిరిగి రాదు. నిరుడు చుక్కల మందు మొదలుపెట్టి ఉంటే, అప్పుడున్నది నిలబడేది" అంది డాక్టరు. "పక్కన ఉన్నవి కనిపించడం లేదని ఎవ్వరూ గమనించలేదా?"

"లేదమ్మా" అంది చెల్లె. "బండి లైట్లే కరాబు ఉండె. గా లైట్ల ఎంబడే పడ్డం మేమందరం."

"దెబ్బ తగిలినంక వచ్చింది గద మేడం ఇది?" అంది బిడ్డ.

డాక్టరు అది దెబ్బ వల్ల కాకపోవచ్చనీ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనీ అడిగింది. ఎవరికీ లేదన్నారు. ముసలాయనది ముసలితనం కింద రాసుకున్నవాళ్లం కదా అందరం. బయటికొచ్చాక బిడ్డ తల్లికి చెబుతోంది, "డాక్టర్లు గట్లనే అంటరు, ఇది యాక్సిడెంటుదే" అని. నేను గోడకు ఆనుకుని విన్నాను. నా అబద్ధం ఆ ఒక్క మనిషి దగ్గరే ఆగదని అప్పుడర్థమైంది. ఆ అమ్మాయికి వాళ్ల తాత కళ్లు ఉండవచ్చు, వాళ్ల బాపు కళ్లు ఉండవచ్చు. లైట్లు ఆరిపోయాయని నమ్మినంతకాలం ఆమె తన కళ్లు చూపించుకోదు.

తర్వాతి ఆదివారం, చర్చి నుంచి వాళ్లు తిరిగొచ్చాక చెప్పాను. బావ మంచం మీద కూర్చున్నాడు. చెల్లె బియ్యం ఏరుతోంది.

"బావ, గా దినం లైట్లు ఆరలే. నేను ఆర్పిన."

ఆయన ముఖం నా గొంతు వైపు తిప్పాడు. "ఎప్పుడు?"

"కుప్పకు కొట్టినంక. నీకు పక్కన కానరాదని నాకు ముందుగాలనే ఎరుక."

"ఎప్పటిసంది?"

"చర్చి గోడకాడ గీతలు గీసిన్నాటి సంది."

చాటలో చెల్లె చేతులు ఆగిపోయాయి. తర్వాత బావ మెల్లగా, లెక్క అప్పగించుకున్నట్టు అన్నాడు.

"అంటే ఆల్టర్నేటరు అప్పుడు ఎరుకే. గా ఎల్‌ఈడీ లైట్లు వెట్టినప్పుడూ ఎరుకే."

"ఎరుకే."

"మా బాపు బండిని సీదా జేసినప్పుడు గూడ."

నేను తల ఊపాను. ఆయనకు కనబడదని గుర్తొచ్చి, "ఆ" అన్నాను.

"ఎందుకు జెప్పలే రా?"

"బండి అమ్ముతవని."

చెల్లె లేచి నిలబడింది. చాటలో బియ్యం కింద పడ్డాయి. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "దాదా అని పిలిచిన. ఇరవై ఐదేండ్లు దాదా అని పిలిచిన" అని మాత్రం అంది. ఫోను తీసి బిడ్డకు కలిపి, నా చేతిలో పెట్టింది.

"నువ్వే జెప్పు. నా నోటితోటి జెప్ప నేను."

చెప్పాను. ఆదిలాబాద్‌లో ఆ అమ్మాయి బడిలో ఆదివారం ఏదో పనిలో ఉంది, వెనక పిల్లల గోల వినబడుతోంది. అంతా చెప్పాను, ముసలాయన సంగతి కూడా. మధ్యలో ఆమె ఒక్కసారే అడ్డు వచ్చింది.

"మామా, మా బాపు పక్కనే ఉన్నడా?"

"ఉన్నడు."

"ఏమంటుండు?"

బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఏమంటలేడు బిడ్డా" అన్నాను. ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లలేదు. రెండుసార్లు బయల్దేరి, హుజూరాబాద్ బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను. కారు హైదరాబాద్ సేటు తీసుకుపోయాడని విన్నాను. ఆ అమ్మాయి కళ్లు చూపించుకుందని కూడా విన్నాను. ఎడమ కంట్లో ఒత్తిడి ఎక్కువుందట, చూపు ఇంకా పోలేదట, చుక్కలు మొదలుపెట్టారట. ఈ సంగతి వాళ్లెవరూ నాకు చెప్పలేదు. ఆ ఇంటి పక్కన ఉండే ఆటో డ్రైవరు సెల్ఫు మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చి, మాటల్లో చెప్పాడు. చెప్పి, అందరిలాగే అతనూ అడిగాడు.

"గా కారు లైట్లు ఎందుకు ఆరినయన్నా? రిలేనా, వైరా?"

మోటారు విప్పుతున్న చేతులు ఆపాను. "ఆరలే" అన్నాను. "కూసో, జెప్త."